జాడీ భుజం మీది అంకె: అమెరికా కుమ్మరి పనిలో వాడుక, కళ, పేరు

పంతొమ్మిదో శతాబ్దపు అమెరికా జాడీల్లో చాలావాటికి భుజం దగ్గర ఒక అంకె కనిపిస్తుంది. 2, 3, 6, ఒక్కోసారి 10. తడి మట్టి మీద ముద్ర కొట్టి ఉంటుంది, లేదా నీలిరంగుతో కుంచె పెట్టి రాసి ఉంటుంది. అది ఆ పాత్రలో ఎన్ని గ్యాలన్లు పడుతుందో చెప్పే లెక్క. ఒక్క గ్యాలను దాదాపు 3.8 లీటర్లు. కొనేవాడు ఇచ్చే ధర ఆ అంకెను బట్టే ఉండేది. సారె మీద ఆ పాత్రను లేపిన పనివాడి కూలి కూడా చాలాచోట్ల రోజుకింత అని కాక గ్యాలనుకింత అనే ఉండేది. పువ్వుకీ పిట్టకీ విడిగా పెద్దగా ధర పలికేది కాదు. పట్టే పరిమాణానికే డబ్బు.

ఇప్పుడు ఆ జాడీలే మ్యూజియంలో అద్దాల వెనక నిలబడి ఉన్నాయి. పక్కన ‘జానపద కళ’ అన్న చీటీ ఉంటుంది. ఆ మాటలో గౌరవం ఉంది, కాదనలేం. కానీ అది దాచిపెట్టేది కూడా చాలా ఉంది. జానపద కళ అనగానే పేరులేని మనిషి, తీరిక వేళ, అమాయకమైన చేయి గుర్తొస్తాయి. అమెరికా కుమ్మరి పనిలో తీరిక ఎక్కడా లేదు. అది పోటీ, రవాణా ఖర్చు, అప్పు, కూలి, దక్షిణాదిలోనైతే బానిసత్వం కలిసి నడిపిన వ్యాపారం. అందులో పనిచేసినవాళ్లకు పేర్లు లేకపోవడం సహజంగా జరగలేదు. కొందరి పేర్లు వ్యాపారానికి అక్కర్లేకపోయాయి, కొందరివి చట్టం రాయనివ్వలేదు, కొందరివి తరవాతి సేకరణకర్తలు తప్పుగా చదివారు. ఈ చరిత్రను పాత్రలో ఏం పోసేవారు అన్న ప్రశ్నతో మొదలుపెట్టి, ఎవరి పేరు నిలిచింది అన్న ప్రశ్న దాకా నడిస్తేనే అర్థమవుతుంది.

ఐరోపా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు మొదట చేసుకున్నది ఎర్రమట్టి సామాను. దాన్ని రెడ్‌వేర్ అంటారు. ఇటుకలకు పనికొచ్చే మట్టే దీనికీ పనికొస్తుంది, ఏటి ఒడ్డున ఎక్కడైనా దొరుకుతుంది. సుమారు వెయ్యి డిగ్రీల వేడి చాలు కాబట్టి బట్టీ చిన్నదైనా సరిపోతుంది. పొలం పని చేసుకునే రైతు చలికాలంలో కుమ్మరిగా మారి ఊరివాళ్లకు పాల గిన్నెలు, రొట్టె పళ్ళేలు, వెన్న కుండలు చేసి ఇచ్చేవాడు. అయితే ఈ మట్టి ఎంత కాల్చినా నీళ్లు పీలుస్తుంది. అందుకే లోపల సీసం కలిపిన పూత వేసేవారు. సీసం తక్కువ వేడికే కరిగి గాజులా పరుచుకుంటుంది, ఎర్రమట్టికి తేనెరంగు నిగనిగ తెస్తుంది. ఊరగాయలో, వెనిగర్‌లో ఉండే పులుపు తగిలితే మాత్రం ఆ సీసం ఊడి తిండిలోకి దిగుతుంది. పూత నూరే కుమ్మరి ఒంట్లోకి అంతకు ముందే దిగుతుంది. 1785లోనే ఫిలడెల్ఫియా పత్రిక ఒకటి ఈ విషం గురించి హెచ్చరించింది. తెలిసినా చాలాకాలం మానలేకపోయారు, ఎందుకంటే మిగతా మార్గాలకు వేరే మట్టి, పెద్ద బట్టీ, పెట్టుబడి కావాలి.

ఎర్రమట్టిలోనే పెన్సిల్వేనియాలో స్థిరపడ్డ జర్మన్లు గొప్ప పళ్ళేలు చేశారు. ఎర్రటి పళ్ళెం మీద తెల్లమట్టి ద్రావణం పూసి, అది ఆరీఆరకముందే పుల్లతో గీకితే కింది ఎరుపు బయటపడుతుంది. ఆ గీతలతోనే తులిప్ పూలు, గుర్రపు రౌతులు, పక్షులు, అంచు చుట్టూ జర్మన్ సామెతలు వచ్చేవి. బక్స్ కౌంటీకి చెందిన డేవిడ్ స్పిన్నర్ లాంటి కొందరి పేర్లు మనకు తెలియడానికి కారణం, వాళ్లు ఆ పళ్ళేల మీద సంతకం పెట్టడమే. ఇక్కడ ఒకటి గమనించాలి. సంతకం ఉన్న పళ్ళేల మీద కత్తి గాట్లు అరుదు. అవి కానుకలు, గోడకు ఆనించి చూసుకోవడానికి చేసినవి. రోజూ తినే పళ్ళేనికి పేరు లేదు. దాచుకునే పళ్ళేనికే ఉంది.

ఇంగ్లండు పాలనలో ఉన్నంతకాలం అమెరికా వలస రాజ్యాల్లో పెద్ద పరిశ్రమ పెరగడం లండన్‌కు ఇష్టం లేదు. సామాను అక్కడినుంచే రావాలి, డబ్బు అక్కడికే పోవాలి. వర్జీనియాలోని యార్క్‌టౌన్‌లో విలియం రోజర్స్ అనే వ్యాపారి 1720ల నుంచి కుమ్మరి కార్ఖానా నడిపాడు. గవర్నరు విలియం గూచ్ తన నివేదికల్లో అతన్ని ‘బీద కుమ్మరి’ అని రాసి, పట్టించుకోవాల్సిన విషయం కాదన్నట్టు తేల్చేశాడు. ఇరవయ్యో శతాబ్దంలో పురావస్తు తవ్వకాలు జరిగితే బయటపడింది పెద్ద కార్ఖానా. పెద్ద బట్టీ, ఉప్పుపూత సామాను, ఎర్రమట్టి సామాను, ఇతర వలసలకు ఎగుమతి చేసేంత సరుకు. బీదతనం గవర్నరు కాగితాల్లోనే ఉంది. అమెరికా కుమ్మరి అంటే మూల కూర్చున్న అమాయక పల్లె పనివాడు అన్న ఊహకు మొదటి దెబ్బ అక్కడే తగలాలి.

సీసానికి విరుగుడు స్టోన్‌వేర్. దీనికి మట్టి వేరే కావాలి, 1,200 డిగ్రీలు దాటినా కుంగిపోని మట్టి. కాలాక అది రాయిలా గట్టిపడుతుంది, నీళ్లు పీల్చదు. ఉప్పుకూ పులుపుకూ లొంగదు. మన ఇళ్లలో ఆవకాయను ఇత్తడి బిందెలో కాక పింగాణీ జాడీలో ఎందుకు పెడతారో, అమెరికా గృహిణి క్యాబేజీ ఊరవేయడానికీ పందిమాంసం ఉప్పులో దాచడానికీ స్టోన్‌వేర్ ఎందుకు వెతికిందో, రెండింటికీ కారణం ఒక్కటే. కానీ ఆ మట్టి అన్నిచోట్లా లేదు. తూర్పు తీరంలో న్యూజెర్సీలోని సౌత్ ఆంబోయ్ పరిసరాల్లో మేలైన నిల్వలు ఉండేవి. అక్కడినుంచి మట్టి పడవల్లో న్యూయార్కుకూ ఇతర రేవులకూ వెళ్లేది. అందుకే మాన్‌హట్టన్ ద్వీపంలో పద్దెనిమిదో శతాబ్దంలోనే క్రోలియస్, రెమ్మీ అనే జర్మన్ కుటుంబాలు తరతరాలుగా స్టోన్‌వేర్ చేశాయి.

ఉప్పుపూత వేసే పద్ధతి చూడాల్సిందే. పచ్చి పాత్రలకు ముందుగా పూత పెట్టరు. వాటిని బట్టీలో పేర్చి, రెండు మూడు రోజులు కట్టెలు ఎగదోసి, లోపల తెల్లగా వెలిగేదాకా మండిస్తారు. అప్పుడు బట్టీ పైకప్పులో ఉన్న రంధ్రాల గుండా గుప్పిళ్లతో మామూలు ఉప్పు లోపలికి పోస్తారు. ఉప్పు చిటపటలాడి ఆవిరవుతుంది. అందులోని సోడియం మట్టిలోని ఇసుకతో కలిసి పాత్ర ఒంటి మీదే గాజుగా మారుతుంది. మిగిలిన క్లోరిన్ హైడ్రోజన్‌తో కలిసి ఘాటైన తెల్లటి పొగగా చిమ్నీలోంచి పోతుంది. చల్లారాక ముట్టుకుంటే పాత్ర మీద నారింజ తొక్క మీద ఉండేలాంటి సన్నటి గుంతలు తగులుతాయి. సన్న మెడ ఉన్న కూజాల్లోకి ఆ ఆవిరి సరిగా వెళ్లదు. దానికి ఆల్బనీ నగరం దగ్గర హడ్సన్ నది మట్టిని నీళ్లలో కలిపి లోపల పోసి వంచేసేవారు. ఏమీ కలపకుండానే ఆ మట్టి అదే వేడికి కరిగి ముదురు గోధుమరంగు గాజుపొర అవుతుంది. బయట బూడిదరంగు, లోపల చాక్లెట్ రంగు ఉన్న పాత జాడీ రహస్యం అంతే.

ఆ వేడికి నిలిచే రంగులు తక్కువ, వాటిలో చవకగా కుదిరింది కోబాల్ట్ నీలం. చిటికెడు వేస్తే చాలు. కనుక అమెరికా ఉప్పుపూత స్టోన్‌వేర్ మీద బొమ్మలు దాదాపు అన్నీ నీలమే. 1825లో హడ్సన్ నదిని పెద్ద సరస్సులతో కలిపే ఈరీ కాలువ తెరుచుకోగానే మట్టి, సామాను రెండూ లోతట్టు ఊళ్లకు పడవల మీద చవగ్గా వెళ్లాయి. కాలువ గట్టున యుటికా, రోచెస్టర్ లాంటి ఊళ్లలో కుమ్మరి కార్ఖానాలు వెలిశాయి. వర్మాంట్‌లోని బెన్నింగ్టన్‌లో నార్టన్ కుటుంబం దాదాపు వందేళ్లు, 1894 దాకా, ఈ పని నడిపింది. కంచె పక్కన లేళ్లు, చెట్లు, ఇళ్లు ఉన్న వాళ్ల జాడీలకు ఇప్పుడు వేలంలో పెద్ద ధరలు పలుకుతాయి. వాటి మీద ఉన్న ముద్ర యజమానిది. ఆ లేడిని నాలుగు గీతల్లో నిలబెట్టిన చేతి పేరు చాలా సందర్భాల్లో ఎక్కడా లేదు. నూరో జాడీ మీద నూరోసారి వేసిన పిట్టకు ఒక ఒడుపు వస్తుంది. కుంచె ఎక్కడ ఒత్తాలో, ఎక్కడ ఎత్తాలో చేతికే తెలుస్తుంది. ఆ సొగసు తీరికలోంచి పుట్టలేదు. తొందరలోంచి, లెక్కలేనన్నిసార్లు చేయడంలోంచి పుట్టింది. ఈ మాట చెప్పకుండా ఆ బొమ్మల్ని పొగడటం ఆ పనివాడికి అన్యాయం చేయడమే.

యజమానే అయినా, ముద్ర కొట్టినా, పేరు నిలవని సందర్భం కూడా ఉంది. 1797 నుంచి రెండు దశాబ్దాలకు పైగా మాన్‌హట్టన్‌లోని కార్లియర్స్ హుక్ దగ్గర థామస్ కొమరా సొంత కార్ఖానా నడిపాడు. తన పేరు, తన వీధి, తన ఊరు జాడీల మీద పెద్ద అక్షరాలతో ముద్రించాడు. తోరణాల్లా వేలాడే గీతలు చెక్కి, వాటిలో నీలం నింపడం అతని పద్ధతి. ఆయిస్టర్లు, అంటే తినే ఆల్చిప్పలు, నిల్వచేసే చిన్న జాడీలు కూడా చేశాడు. న్యూయార్కులో ఆ వ్యాపారం చేసిన నల్లజాతివారు అతనికి ఖాతాదారులు. ఇరవయ్యో శతాబ్దమంతా సేకరణకర్తలు అతన్ని ఐరోపా నుంచి వచ్చిన తెల్లవాడిగానే రాసుకున్నారు. 2000 తరవాత ఒక పరిశోధకుడు పాత జనాభా లెక్కలు తిరగేస్తుంటే అతని ఇంటి వివరం దొరికింది. కొమరా బానిసగా పుట్టి స్వేచ్ఛ పొందిన నల్లజాతి కుమ్మరి. 2023లో న్యూయార్క్ హిస్టారికల్ సొసైటీ అతని మీద ప్రత్యేక ప్రదర్శన పెట్టింది. పేరు అంత స్పష్టంగా అచ్చువేసి ఉన్నా, ఆ పేరు వెనక ఉన్న మనిషి నల్లవాడై ఉండడన్న నమ్మకం శతాబ్దమంతా నిలబడింది. జాడీలో లోపం ఏమీ లేదు, చూసే కంట్లోనే ఉంది.

దక్షిణాదికి వస్తే పూతే మారిపోతుంది. సౌత్ కరోలినాలోని ఎడ్జ్‌ఫీల్డ్ జిల్లాలో పంతొమ్మిదో శతాబ్దపు తొలి దశకాల్లో అబ్నర్ లాండ్రమ్ అనే వైద్యుడు, పత్రికా సంపాదకుడు కట్టెల బూడిద లేదా సున్నాన్ని ఇసుకతో, మట్టితో కలిపి పూతగా వాడటం మొదలుపెట్టాడు. చైనాలో వేల ఏళ్ల నాడే ఉన్న పద్ధతి అది. అతను చైనా పింగాణీ గురించి అచ్చైన వివరాలు చదివి ఉంటాడని ఒక అభిప్రాయం ఉంది. బూడిద ప్రతి పొయ్యిలోనూ ఉంటుంది, డబ్బు పెట్టి కొననక్కర్లేదు. ఆ పూత ఆకుపచ్చగా, గోధుమరంగుగా, వాన నీరు గోడ మీద జారినట్టు చారలుగా దిగుతుంది. 2011లో ఎడ్జ్‌ఫీల్డ్ జిల్లాలోని పాటర్స్‌విల్ దగ్గర తవ్వినప్పుడు బయటపడ్డ బట్టీ పొడవు 105 అడుగులు. ఒక ఇంటి పెరటి బట్టీ కాదు, పత్తి తోటల ప్రాంతానికంతటికీ సరుకు అందించిన కార్ఖానా. దానికి మట్టి తవ్వినవాళ్లు, కట్టెలు కొట్టినవాళ్లు, సారె తిప్పినవాళ్లు, బట్టీ మండించినవాళ్లలో ఎక్కువమంది బానిసలు.

వాళ్లలో ఒకడు డేవ్. 1800 ప్రాంతంలో పుట్టాడు, ఒక యజమాని నుంచి ఇంకొక యజమానికి మారుతూ వచ్చాడు. అతను చేసిన జాడీల మీద తడి మట్టిలో పుల్లతో రాసిన తేదీలు, సంతకం, రెండు పాదాల పద్యాలు ఉన్నాయి. 1834 జూలై 12 తేదీ ఉన్న జాడీ మీది పద్యం ఇదీ:

సందు లేకుండా పెట్టండి పట్టినంత
పద్నాలుగు పడుతుంది దీనిలో తప్పకుండా

పద్నాలుగు అంటే గ్యాలన్లే. ఇతర కుమ్మరులు ముద్ర కొట్టి వదిలేసిన అంకెను అతను ప్రాసలో కట్టాడు. అమెరికా కుమ్మరి పనిలో వాడుక ఒకవైపు, కళ ఇంకోవైపు అని విడదీసేవాళ్లకు ఈ ఒక్క జాడీ చాలు. కొలతే ఇక్కడ కవిత్వం. అదే సంవత్సరం డిసెంబరులో సౌత్ కరోలినా శాసనసభ బానిసలకు చదవడం, రాయడం నేర్పడాన్ని నేరంగా చేసింది. ఒక నల్లమనిషి తనకు అక్షరాలు వచ్చునని కిరాణా కొట్టుకు వెళ్లే జాడీ మీద, ఊరంతా చూసేలా రాయడం ఎంత సాహసమో అప్పుడు తెలుస్తుంది. 1840 తరవాత 1857 దాకా పద్యాలున్న జాడీలు దాదాపు కనిపించవు. కారణం ఏదైనా, ఆ పదిహేడేళ్ల మౌనం గట్టిగానే వినిపిస్తుంది.

1857లో లూయిస్ మైల్స్ అనే యజమాని దగ్గర మళ్లీ పద్యాలు మొదలయ్యాయి. ఆ ఆగస్టు 16న రాసినవి అతని మాటల్లో అన్నిటికన్నా ఎక్కువమందికి తెలిసినవి:

నా బంధువులంతా ఎక్కడున్నారో ఏమో
అందరికీ నా స్నేహం, ప్రతి జాతికీ

బానిసల సంతలో తల్లి ఒకవైపు, బిడ్డలు ఇంకోవైపు అమ్ముడుపోయే లోకంలో మొదటి పాదానికి వివరణ అక్కర్లేదు. రెండో పాదంలో కోపం లేకపోవడమే ఆశ్చర్యం. మాంసం నింపి దీపాలు వెలిగించమని ఒకచోట అంటాడు. పశ్చాత్తాపపడకపోతే నశిస్తావని 1862లో ఇంకోచోట హెచ్చరిస్తాడు. ఈ జాడీలు తోటల్లో ఏటా కోసే పందుల మాంసాన్ని ఉప్పులో నిల్వచేయడానికి, పందికొవ్వు పోసి ఉంచడానికి చేసినవి. వాటిలో దాచిన తిండిలో కొంత బానిసలకు ఇచ్చే రేషన్‌గా వెళ్లేది. అంటే అతని అక్షరాలు వాళ్ల ముందుకే వచ్చేవి.

చేతిపని సంగతి కూడా చెప్పుకోవాలి. మామూలు కుమ్మరి సారె మీద ఒక్క ఊపులో లేపగలిగే మట్టి పది పన్నెండు కిలోల దగ్గర ఆగిపోతుంది. పెద్ద జాడీల అడుగుభాగాన్ని డేవ్ సారె మీద లేపి, కాస్త గట్టిపడనిచ్చి, పైన లావుపాటి మట్టి తాళ్లు చుట్టూ పేర్చి, మళ్లీ సారె తిప్పుతూ కలిపేవాడు. భుజం విశాలంగా, అడుగు సన్నగా ఉండే ఆకారం అలా వచ్చేది. 1859 మే 13న అతను బ్యాడ్లర్ అనే మరో బానిస కుమ్మరితో కలిసి చేసిన జాడీలో సుమారు 40 గ్యాలన్లు, అంటే 150 లీటర్లు పడుతుంది. అది చార్ల్‌స్టన్ మ్యూజియంలో ఉంది. ఇద్దరి పేర్లూ దాని మీద ఉన్నాయి. అంతర్యుద్ధం తరవాత 1870 జనాభా లెక్కల్లో అతను డేవిడ్ డ్రేక్‌గా, సారె పనివాడిగా నమోదయ్యాడు. 2021లో అతని 25 గ్యాలన్ల జాడీ ఒకటి వేలంలో 15.6 లక్షల డాలర్లకు అమ్ముడైంది.

ఎడ్జ్‌ఫీల్డ్ నుంచే ముఖం కూజాలు కూడా వచ్చాయి. చిన్న కూజా మీద కనుబొమ్మలు, ముక్కు, పెదవులు అతికించి, కళ్లకూ పళ్లకూ తెల్లటి చైనామట్టి పెడతారు. పూత కారి ముదురుగా మారిన ముఖంలో ఆ తెలుపు ఒక్కటే వెలుగుతుంది. 1858 నవంబరులో వాండరర్ అనే ఓడ చట్టానికి విరుద్ధంగా ఆఫ్రికాలోని కాంగో ప్రాంతం నుంచి నాలుగు వందల మందికి పైగా బానిసల్ని జార్జియా తీరాన దించింది. బయటి నుంచి బానిసల దిగుమతి నిషేధమై అప్పటికి యాభై ఏళ్లు. వాళ్లలో కొందరు ఎడ్జ్‌ఫీల్డ్ పరిసరాలకు చేరారు. కాంగోలో ఆత్మల శక్తిని నిలిపే బొమ్మలకు తెల్లమట్టి, మెరిసే కళ్లు పెట్టే సంప్రదాయానికీ ఈ కూజాలకూ సంబంధం ఉందని చాలామంది పండితుల అభిప్రాయం. దీన్ని నిర్ధారించే కాగితం లేదు. కానీ వీటిని నీళ్ల కోసమో సారా కోసమో చేశారని చెప్పడం కష్టం. చాలావాటిలో పట్టేది అతి తక్కువ. గ్యాలన్ల లెక్కకు లొంగని పాత్రలు ఇవే. యజమాని సరుకు జాబితాలో చోటులేని ఈ కూజాలు తమ కోసం తాము చేసుకున్నవని అనిపించడానికి అదే బలమైన ఆధారం.

ఇక ఈ పనికి అవసరమే పోయిన కాలం వచ్చింది. 1858 నవంబరులో జాన్ మేసన్ మరచుట్టు మూత ఉన్న గాజు సీసాకు పేటెంటు తీసుకున్నాడు. లోపలున్నది కనిపిస్తుంది, గాలి చొరబడదు, బరువు తక్కువ. తరవాత రేకు డబ్బాలు, ఐసు పెట్టెలు, ఎనామిల్ గిన్నెలు, డెయిరీలు వచ్చాయి. నార్త్ కరోలినా, జార్జియా పల్లెల్లో కుమ్మరులకు మిగిలిన ఆసరా సారా కూజాలు. నార్త్ కరోలినాలో 1908లో ప్రజలే ఓటేసి మద్యనిషేధం తెచ్చుకున్నారు, 1920లో దేశమంతటా వచ్చింది. చాలా బట్టీలు చల్లారిపోయాయి.

సరిగ్గా ఆ సమయంలోనే నగరాల వాళ్ల చూపు వీటి మీద పడింది. రాలీ నగరానికి చెందిన జాక్, జూలియానా బస్బీ దంపతులు నార్త్ కరోలినా సీగ్రోవ్ ప్రాంతంలో జగ్‌టౌన్ అనే కార్ఖానా పెట్టి, అక్కడి కుమ్మరుల చేత టీ సెట్లు, పూలకుండీలు చేయించి న్యూయార్కులో అమ్మారు. 1923లో చేరిన బెన్ ఓవెన్ అనే యువకుణ్ణి జాక్ బస్బీ మ్యూజియంలకు తీసుకువెళ్లి పాత చైనా, కొరియా పాత్రలు చూపించాడు. అలా పల్లె కుమ్మరి చేతిలోంచి చైనా ఆకారాలు వచ్చాయి, అవి ‘స్వచ్ఛమైన పల్లె కళ’గా అమ్ముడయ్యాయి. ఓవెన్ చేసినవి నిజంగా అందమైన పాత్రలు. కానీ వాటిని పల్లె చెక్కుచెదరకుండా కాపాడుకున్న సంప్రదాయం అనడం నిజం కాదు. కొనేవాడి ఊహకు సరిపడా సంప్రదాయాన్ని తిరిగి అల్లుకున్నారు. 1932లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం ‘సామాన్యుడి కళ’ పేరుతో హోల్గర్ కాహిల్ ఆధ్వర్యంలో జానపద కళా ప్రదర్శన పెట్టడంతో, ఆ మాటకు పెద్ద గోడల మధ్య చోటు దొరికింది. ఎక్కువగా ఉన్నవి చిత్రాలు, చెక్క శిల్పాలే అయినా, వంటింటి జాడీ కూడా ఆ తరవాత అదే తలుపు గుండా లోపలికి వెళ్లింది.

అమెరికా నైరుతిలో ఆదివాసులైన ప్యూబ్లో ప్రజల కథ దీనికి వెయ్యేళ్లు ముందు మొదలవుతుంది. అక్కడ సారె లేదు. స్త్రీలు మట్టి తాళ్లు చుట్టి, సొరకాయ బుర్ర ముక్కతో గోకి, నున్నటి గులకరాయితో మెరుగుపెడతారు. 1880 నాటికి రైలు న్యూమెక్సికో చేరగానే రెండు పనులు ఒకేసారి జరిగాయి. రైలు తెచ్చిన రేకు బకెట్లు నీటి కుండల్ని వంటింట్లోంచి తోసేశాయి. అదే రైలు తెచ్చిన యాత్రికులు ఆ కుండల్ని జ్ఞాపికలుగా కొన్నారు. హోపీ ప్రాంతంలోని హానో గ్రామంలో నాంపేయో అనే కళాకారిణి సిక్యాట్కి అనే పాత ఊరి శిథిలాల్లో దొరికిన పెంకుల మీది నమూనాలను కొత్త పాత్రల మీదకు తెచ్చింది. 1905లో గ్రాండ్ కాన్యన్ దగ్గర ఫ్రెడ్ హార్వీ కంపెనీ ఆమెను యాత్రికుల ముందు పని చేయించింది. ఆమెకు రాయడం రాదు. కనుక పాత్రల కింద ఆమె పేరున్న కాగితం చీటీలు అంటించారు. పేరుకు ధర ఉందని అమెరికా కుమ్మరి పని అప్పుడు గ్రహించింది.

సాన్ ఇల్డిఫాన్సో గ్రామంలో మరియా మార్టినెజ్, ఆమె భర్త హులియన్ 1919 ప్రాంతంలో నలుపు మీద నలుపు పద్ధతి కనిపెట్టారు. మరియా మెరుగుపెట్టిన ఎర్రటి పాత్ర మీద హులియన్ పలుచని మట్టిపూతతో గీతలు వేస్తాడు. ఆరుబయట మంటలో కాలుతుండగా సరైన క్షణాన ఎండు పేడపొడి కుప్పగా పోసి గాలి ఆడకుండా కప్పేస్తారు. లోపల పొగ కమ్మి, మట్టిలోని ఇనుము రంగు మారి, పాత్ర నల్లబడుతుంది. మెరుగున్నచోట అద్దంలా, గీతలున్నచోట మసకగా. కానీ అంత తక్కువ వేడిలో కాలిన ఈ పాత్ర నీళ్లు పట్టదు, తడిస్తే మెరుపు పోతుంది. వాడుక కోసం పుట్టిన కళ వాడుకను పూర్తిగా వదిలేసుకున్న చోటు ఇదే, అదీ తెలిసి, కావాలని. దాన్ని పతనం అనడం తప్పు. ఆ పాత్రల అమ్మకం గ్రామానికి తిండి పెట్టింది, స్త్రీల చేతికి డబ్బు ఇచ్చింది. మరియా పొరుగు స్త్రీలు అడిగితే వాళ్ల పాత్రల మీద కూడా తన సంతకం పెట్టేదని చెబుతారు. సేకరణకర్తలకు ఇది మింగుడుపడలేదు. వాళ్ల దృష్టిలో సంతకం ఒక వ్యక్తి ఆస్తి. ఆమె దృష్టిలో ఊరి పంటలో అందరికీ వాటా ఉన్నట్టే, ఆ పేరులోనూ వాటా ఉంది. ఇక టావోస్, పికురీస్ గ్రామాల్లో అభ్రకం మెరిసే మట్టితో చేసే కుండల్లో ఇప్పటికీ చిక్కుళ్లు ఉడుకుతాయి, కాబట్టి వాడుక పూర్తిగా పోయిందనీ అనలేం.

1952లో ఇంగ్లండు కుమ్మరి బెర్నార్డ్ లీచ్ జపాన్ మిత్రులు యనాగి, హమాదాలతో అమెరికా పర్యటించాడు. వాళ్లు మరియా ఇంటికి కూడా వెళ్లారు. అమెరికా కుమ్మరులకు తల్లివేరు లేదని లీచ్ తీర్పు చెప్పాడు. ఆ మాట చాలా ఏళ్లు చెల్లింది. అప్పటికి డేవ్ జాడీలు చాలావరకు ఎవరూ పట్టించుకోకుండా పడి ఉన్నాయి. జార్జియాలో మీడర్స్ కుటుంబం ఇంకా బూడిదపూతతో చల్ల చిలికే కుండలు చేస్తూనే ఉంది. వేరు లేకపోవడం కాదు, వెతికినవాళ్లు నల్లవాళ్ల పెరట్లోనూ పేద తెల్లవాళ్ల పెరట్లోనూ తవ్వి చూడలేదు. అయితే లీచ్ శిష్యుడు వారెన్ మెకెంజీ మిన్నెసోటాలో ఆ గురువు మాటను ఇంకోలా నెరవేర్చాడు. రోజూ అన్నం తినే గిన్నెలు చేసి, ఎవరైనా కొనగలిగే ధర పెట్టి, కొనేవాళ్లే డబ్బు బుట్టలో వేసి వెళ్లేలా ఇంటి దగ్గరే అంగడి ఉంచాడు. జనం ఆ గిన్నెలు కొని ఎక్కువ ధరకు అమ్ముకోవడం మొదలుపెట్టడంతో చివరికి 2006లో దాన్ని మూసేశాడు. వాడటానికే చేస్తానని పట్టుబట్టినవాణ్ణి కూడా సేకరణకర్తల బజారు వదల్లేదు.

మీడర్స్ కుటుంబానికీ అదే జరిగింది, కాస్త మెల్లగా. 1967లో స్మిత్సోనియన్ సంస్థ వాళ్లను వెతుక్కుంటూ వచ్చి, వాషింగ్టన్‌లో జరిగే జానపద ఉత్సవం కోసం ముఖం కూజాలు అడిగింది. లానియర్ మీడర్స్ చేసినవి వెంటనే పోయాయి. చల్ల కుండలు అడిగేవాళ్లు తగ్గారు, ముఖాలు అడిగేవాళ్లు పెరిగారు. అతనికి 1983లో, నార్త్ కరోలినాకు చెందిన బర్లన్ క్రెయిగ్‌కు 1984లో జాతీయ వారసత్వ పురస్కారం వచ్చింది. ఎడ్జ్‌ఫీల్డ్‌లో బానిసలు చేసిన రూపం ఒక శతాబ్దం తరవాత తెల్లజాతి పల్లె కుమ్మరుల పేర్ల మీద దేశమంతా తెలిసింది. మీడర్స్ పనితనంలో ఏ లోటూ లేదు. కానీ దాని పుట్టుకను అప్పుడు ఎంతమంది అడిగారన్నది వేరే సంగతి.

ఇప్పుడు అడుగుతున్నారు. 2022లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ఎడ్జ్‌ఫీల్డ్ నల్లజాతి కుమ్మరుల మీద పెద్ద ప్రదర్శన పెట్టింది. 2025లో బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియం అంతకన్నా ముందడుగు వేసి, తన దగ్గరున్న రెండు డేవ్ జాడీల మీద హక్కు అతని వారసులదేనని ఒప్పుకుని ఒప్పందం చేసుకుంది. ఒకటి వారసులు అరువిచ్చినదిగా అక్కడ ఉంటుంది. రెండోదాన్ని మ్యూజియం వాళ్ల దగ్గర డబ్బిచ్చి మళ్లీ కొంది. ఆ రెండో జాడీ మీద 1857 ఆగస్టులో డేవ్ రాసినది, తాను దీన్ని నగదు కోసం చేశానని, లోకం ఆ నగదును చెత్త సొమ్మన్నా సరేనని. జాడీ అమ్మిన డబ్బు ఆనాడు లూయిస్ మైల్స్ ఖాతాలోకి వెళ్లింది. తాను చేసినదానిపై హక్కు లేని మనిషి దగ్గర నుంచి కొన్న వస్తువు ఎవరిదన్న ప్రశ్న, ఇలాంటి జాడీలున్న ప్రతి మ్యూజియం ముందూ ఇప్పుడు ఉంది.